శనివారం పూట యాడికి పోతా ఉండావు పాపా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫస్టియర్ పిల్లలవి, మిగతావి ఎక్కువగా వాళ్ళ అమ్మానాన్నలవి. ఏటా ఇంతే. మొదటి మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, మార్కులు బోర్డు మీద పెట్టిన వారానికి నా పెట్టె నిండుతుంది. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్క మాట: నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు 31 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. అందులో 9 ఏళ్ళు లేడీస్ హాస్టల్ వార్డెన్ పని కూడా నా నెత్తినే ఉండేది. అందుకని నా జవాబుల్లో పాఠం వాసన, వార్డెన్ గద్దింపు కొంచెం తగులుతాయి. రిటైరయి ఇన్నేళ్ళయినా పోలేదు. ఈసారి మూడు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికే సగానికి పైగా జాగా పోయింది, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడం, మాది వి.కోట దగ్గర పల్లెటూరు. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఫస్టియర్ చదువుతున్నాను, హాస్టల్లో ఉంటున్నాను. చేరి రెండున్నర నెలలయింది. టెన్త్ గవర్నమెంటు హైస్కూల్లో, ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. రెండింట్లోనూ మంచి మార్కులే వచ్చాయి. ఇక్కడ మొదటి మిడ్‌లో సీ ప్రోగ్రామింగ్‌లో 30కి 9 వచ్చాయి. క్లాసులో అందరికీ ముందే అన్నీ వచ్చు, నాకొక్కదానికే ఏమీ రాదు అనిపిస్తోంది. లెక్చరర్లు అంతా ఇంగ్లీషులోనే చెప్తారు. నా రూమ్మేట్లు ముగ్గురూ విజయవాడ, గుంటూరు వైపు వాళ్ళు. నేను ‘ఉండాది’, ‘పోతా ఉండా’ అంటే నవ్వుతారు. అందుకే రూములో మాట్లాడటమే తగ్గించేశాను. మెస్ తిండి పడటం లేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతున్నాను. శనివారం మూడు పీరియడ్ల ల్యాబ్ ఒక్కటే ఉంటుంది కాబట్టి పెద్ద నష్టం లేదు, ఆడవాళ్ళకు బస్సు కూడా ఉచితమే కదా. ఆదివారం తిరిగి బయల్దేరేటప్పుడు కడుపులో తిప్పుతుంది. ఇంట్లో ఈ సంగతులేవీ చెప్పలేదు. అమ్మ పాలు పోసి నా ఖర్చులకు పంపుతోంది. నేను ఈ కోర్సుకు పనికిరానేమో మేడం. మానేసి డిగ్రీలో చేరితే మంచిదా? (పేరు వేయవద్దు)

జవాబు: పాపా, నీ ఉత్తరం చదివి పక్కన పెట్టి, మళ్ళీ తీసి ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. ‘శనివారం మూడు పీరియడ్ల ల్యాబ్ ఒక్కటే ఉంటుంది.’ ఆ ల్యాబ్ దేనిదో నువ్వు రాయలేదు. మామూలుగా నేను తిరిగి ప్రశ్నలు అడగను, ఈసారి ఉండబట్టలేక నీకు మెయిల్ పెట్టాను. రెండే మాటల్లో జవాబిచ్చావు: ‘సీ ల్యాబ్ మేడం.’ ఇప్పటికి ఎన్ని శనివారాలు అయ్యాయి, ఎన్నిటికి వెళ్ళావు అని మళ్ళీ అడిగితే, ఏడింటిలో రెండు అన్నావు.

ఇప్పుడు నువ్వే చెప్పు. ఈత క్లాసులో నీళ్ళ గురించి చెప్పిన రోజులన్నీ కూర్చుని, బావిలోకి దిగే రోజు మాత్రం వి.కోట బస్సెక్కినదానివి, నాకు ఈత రావడం లేదు అంటే ఏమనాలి? నీ తెలివి మీద నాకు అనుమానమేమీ లేదు. నీ టైంటేబుల్ మీదే ఉంది.

క్లాసులో అందరికీ ముందే వచ్చు అన్నావు. అందరికీ రాదు. ఒక పదిమందికి వచ్చు. వాళ్ళు ముందు బెంచీల్లో కూర్చుని గట్టిగా జవాబులు చెప్తారు, అందుకని క్లాసంతా వాళ్ళే ఉన్నట్టు వినపడుతుంది. మిగతావాళ్ళు నీలాగే తలవంచుకుని నోట్సు ఎక్కించుకుంటున్నారు. స్టాఫ్‌రూములో కూర్చుని పేపర్లు దిద్దినదాన్ని, ఈ మాట నమ్ము. నీకూ వాళ్ళకూ తేడా ఏమిటంటే, ఆ ఐదు శనివారాలు వాళ్ళు కంప్యూటర్ ముందు తప్పులు చేశారు. నువ్వు చేయలేదు. ప్రోగ్రామింగ్ తప్పులు చేస్తేనే వస్తుంది, వింటే రాదు.

లూప్ అనే మాట దగ్గర ఆగిపోయానని రెండో మెయిల్లో రాశావు కదా, దాని సంగతి ఇక్కడే తేల్చేద్దాం. మీ అమ్మ పాలు పోస్తుందన్నావు. పాల కార్డు నువ్వు చూసే ఉంటావు. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు అని పూటపూటకూ రాస్తారు. 15 రోజులకు 30 పూటలు. మొదటి పూట 6 లీటర్లు, రెండో పూట 5, మళ్ళీ 6, మళ్ళీ 5 అనుకో. ఒక పక్క మొత్తం రాసుకుంటూ పోతే 6, 11, 17, 22 అవుతుంది. ప్రతి పూటా నువ్వు చేసింది ఒకే పని: పాత మొత్తానికి ఈ పూట పాలు కలిపి, కొత్త మొత్తం రాయడం. అదే లూప్. 30 పూటలు అయ్యాక ఆపడం, అది కండిషన్. పూటల్ని లెక్కపెట్టే వేలు ఉంది చూడు, అదే మీ సార్ బోర్డు మీద రాసే ‘ఐ’. ఇంకో సంగతి. కొత్త కార్డు మొదలుపెట్టేటప్పుడు మొత్తం దగ్గర సున్నా అని రాసుకోవాలి. రాయకపోతే పాత కార్డు లెక్కో, ఎవరి లెక్కో కలిసిపోయి అర్థంపర్థం లేని అంకె వస్తుంది. సీలో కూడా అచ్చంగా అంతే. మొత్తానికి మొదట సున్నా ఇవ్వడం మరిచిపోతే, ఆ జాగాలో అంతకుముందు మిగిలిన చెత్త ఏదో ఉంటుంది, అదే కలిసి వస్తుంది. ఫస్టియర్ పిల్లల్లో చాలామంది ఈ తప్పు చేసి గంటసేపు తలపట్టుకుంటారు. మీ అమ్మ చేయదు.

ప్రోగ్రాం చూసినప్పుడల్లా కాగితం మీద గడులు గీసి, ఒక్కో అడుగుకు ఏ అంకె ఎంతైందో రాసుకుంటూ పో. కంప్యూటర్ లేకపోయినా ఈ పని చేయొచ్చు. రోజుకు ఒక్క ప్రోగ్రాం చాలు.

మార్కుల విషయం. 9 అంటే ఏడవాల్సినంత తక్కువ కాదు. అనంతపురం జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీల్లో రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్క కట్టే పద్ధతి ఉంది. రెండో మిడ్‌లో నీకు 24 వచ్చాయనుకో. 24లో 80 శాతం 19.2, 9లో 20 శాతం 1.8, రెండూ కలిపితే 21. అంటే ఇప్పటి 9 నిన్ను ముంచేది ఏమీ లేదు. మీ కాలేజీ అటానమస్, అంటే పరీక్షలు సొంతంగా పెట్టుకునేది, అయితే లెక్క కొంచెం వేరుగా ఉండొచ్చు, చేరేటప్పుడు ఇచ్చిన రూల్సు పుస్తకం తీసి చూడు. ఆ పుస్తకం ఎవరూ తెరవరు. హాజరు పేజీ కూడా అక్కడే ఉంటుంది: మామూలుగా 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య పడితే జబ్బు సర్టిఫికెట్టు, తగ్గిన హాజరును మన్నించడానికి కట్టే కండొనేషన్ ఫీజు అని తిరగాలి, 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సి వస్తుంది. బస్సు ఉచితమేగానీ శనివారం ఉచితం కాదు పాపా.

2025 ఆగస్టు 15న ఆ ఉచిత బస్సు మొదలైనప్పుడు నేనూ సంతోషించాను. మా రోజుల్లో అది లేదు. 1978లో పుంగనూరు పక్కన మా ఊరి నుంచి బీఎస్సీకి తిరుపతి వచ్చాను, చేతిలో ఒక రేకు పెట్టె, ఒక పరుపుచుట్ట. దసరా సెలవుల దాకా ఇంటి ముఖం చూడలేదు. గొప్పగా తట్టుకుని నిలబడ్డానని చెప్పను. చార్జీకి డబ్బుల్లేక నిలబడ్డాను. డబ్బులుంటే నేనూ నీలాగే శుక్రవారం సాయంత్రం బస్టాండులో ఉండేదాన్ని.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఘర్షణ, జడత్వం, త్వరణం అని చదువుకుని వచ్చినదానికి ఇక్కడ మొదటి రోజే ఫ్రిక్షన్, ఇనర్షియా, ఆక్సిలరేషన్ అని మోగిపోయింది. మొదటి క్వార్టర్లీలో ఫిజిక్స్‌లో 100కి 22. ఆ పేపరు పెట్టె అడుగున చీరల కింద దాచాను. తర్వాత చేసిన పని ఏమిటంటే, ఒక పొడుగు నోటుపుస్తకం కొని నడిమధ్యన గీత గీశాను. క్లాసులో వినపడిన ఇంగ్లీషు మాట ఎడమ పక్క, రాత్రికి పాత తెలుగు పుస్తకం చూసి దాని తెలుగు మాట కుడి పక్క. దసరాకు 200 మాటలు దాటాయి. అప్పటికి తెలిసింది, నాకు ఫిజిక్స్ ముందునుంచే వచ్చు, దాని పేర్లు తెలియవంతే. నువ్వు ఇంటర్ ఇంగ్లీషు మీడియంలో చదివినా, అక్కడ సార్లు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయించి ఉంటారు. అది తప్పు కాదు, కానీ చెవికి అలవాటు కాలేదు. గీత గీసిన పుస్తకం ఒకటి మొదలుపెట్టు. క్లాసయ్యాక సారును తెలుగులోనే అడుగు. ఏ లెక్చరరూ తెలుగులో అడిగితే కొట్టడు.

అడిగే తీరు ఒకటి చెప్తాను, ఇది స్టాఫ్‌రూము లోపలి రహస్యం. ‘ఏమీ అర్థం కావడం లేదు సార్’ అని వచ్చిన పిల్లకు మేము టీ తాగుతూ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి పంపేస్తాం: బాగా చదవాలమ్మా, టైం వేస్ట్ చేయొద్దమ్మా. అదే ఒక కాగితం పట్టుకొచ్చి ‘ఈ నాలుగో లైను దగ్గర ఆగిపోయాను’ అన్న పిల్లకు కుర్చీ వేస్తాం. కాబట్టి నాలుగో లైను పట్టుకుని పో. పోయిన ఐదు ల్యాబ్‌లలో చేయించిన ప్రోగ్రాములు ఏవో రాసుకుని, ఏదైనా ఖాళీ గంటలో ల్యాబ్‌లో కూర్చోనిస్తారా అని కూడా అడుగు. ల్యాబ్ అసిస్టెంట్లు చాలాచోట్ల మంచివాళ్ళు. వాళ్ళను పలకరించేవాళ్ళే తక్కువ.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇది. రెసిడెన్షియల్లో ఉన్న రెండేళ్ళూ నీ టైము నీ చేతిలో లేదు. పొద్దున లేపేది ఒకరు, స్టడీ అవర్లో కూర్చోబెట్టేది ఒకరు, రాత్రి లైటు తీసేది ఇంకొకరు. నిన్ను బాగా చదివే పిల్ల అన్నారు, నువ్వు చదివావు కూడా, కానీ ఎప్పుడు చదవాలో ఒక్కరోజు కూడా నువ్వు నిర్ణయించుకోలేదు. ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకు కాలేజీ వదిలాక గంట కొట్టేవాళ్ళు లేరు. ఎవరూ అడగని టైము ఒక్కసారిగా చేతిలో పడేసరికి, కొందరు దాన్ని ఫోనుకు ఇచ్చేస్తారు, నువ్వు బస్సుకు ఇచ్చావు. వారానికి బస్సులోనే ఎన్ని గంటలు కూర్చుంటున్నావో లెక్కేసుకున్నావా? ఇక్కడి నుంచి చిత్తూరు, మొగిలి ఘాటు, పలమనేరు, వి.కోట, అక్కణ్ణుంచి మళ్ళీ మీ ఊరు. పోను నాలుగు గంటలనుకున్నా రానూపోనూ ఎనిమిది. సీ ల్యాబ్ మూడు పీరియడ్లే.

ఇంటికి వెళ్ళొద్దని అనను. మూడు వారాలకు ఒకసారి వెళ్ళు, శనివారం ల్యాబ్ అయ్యాక మధ్యాహ్నం బస్సెక్కు. మిగతా రెండు వారాలు ఇక్కడే ఉండు. అందులో మొదటి ఆదివారం ఘోరంగా ఉంటుంది, ముందే చెప్తున్నా. పొద్దున బట్టలు ఉతుక్కోవడంలో గడిచిపోతుంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా హాస్టల్ అంతా పడుకుని ఉంటుంది, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. వార్డెనుగా నేను చూసిన ఏడుపుల్లో ఎక్కువ భాగం ఆ మూడు గంటల్లోనే. అందుకని ఆ మూడు గంటలు రూములో ఉండకు. వానలు పడుతున్నాయి కదా, కపిలతీర్థంలో జలపాతం దూకుతూ ఉంటుంది, చూసిరా. అలిపిరి దారిలో సైన్స్ సెంటర్ ఉంది. చంద్రగిరి కోటలో రాజమహల్ చూడని తిరుపతి విద్యార్థులు నాకు కుప్పలుగా తెలుసు. ఈ రోజుల్లోనే తిరుచానూరులో అమ్మవారి బ్రహ్మోత్సవాల సందడి కూడా. ఒంటరిగా వద్దు, ఎవరినో ఒకరిని లాక్కుపో. నేను ఆ రోజుల్లో గోవిందరాజస్వామి గుడి దగ్గర కూర్చునేదాన్ని, ఊరికే జనాన్ని చూస్తూ. అక్కడే సత్యవేడు వైపు పిల్ల ఒకతి కనిపించింది. మా హాస్టలే, నెలన్నరగా ఒక్క మాటా ఆడుకోలేదు. ఆ పిల్ల తెలుగులో సగం తమిళం ఉండేది, దాన్నీ ఏడిపించేవాళ్ళు. ఇద్దరం మరమరాలు పంచుకుని తిన్నాం. ఆ తర్వాత ఆదివారాలు ఎప్పుడయ్యేవో తెలిసేది కాదు.

రూమ్మేట్లు కొండకు నడుద్దాం అంటే వెళ్ళు. అలిపిరి దారిలో 3550 మెట్లు. గాలిగోపురం దాకానే అసలు ఆయాసం, తర్వాత చాలా దూరం చదునుగానే ఉంటుంది, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ పట్టుకుంటుంది. ఈ మెట్లను జీవితంతో పోల్చి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నేను చెప్పను. మరుసటి రోజు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేవు, కాబట్టి ఆదివారం కాకుండా శనివారం ల్యాబ్ అయ్యాక ఎక్కండి. అంతే నా సలహా.

యాస సంగతి. నవ్వడంలో రెండు రకాలున్నాయి. కొత్త మాట విని ముచ్చటపడి నవ్వేది ఒకటి, నిన్ను తక్కువ చేసి నవ్వేది ఇంకొకటి. నువ్వు మాట్లాడటం మానేశావు కాబట్టి అది ఏ రకమో నీకూ తెలియదు. ఒకసారి నేరుగా అను: ‘మా ఊళ్ళో ఇట్లనే మాట్లాడతాం, మీరు నవ్వితే నాకు బాధగా ఉండాది.’ ఉండాది అనే అను. ముచ్చటపడి నవ్వినవాళ్ళు వెంటనే సారీ చెప్తారు. చెప్పనివాళ్ళ గురించి ఆలోచించే పని ఉండదు. నా హాస్టల్లో ఒంగోలు పిల్ల ఒకతి, మొదటి నెలలో మదనపల్లె పిల్లలను వెక్కిరించేది. ఫైనలియరుకు వచ్చేసరికి మెస్‌లో ‘ఏమ్మే, నాకూ రొంత ఎయ్యి’ అని కేకలు పెట్టేది. వాళ్ళ అమ్మ వచ్చి విని బిత్తరపోయింది.

తిండి గురించి తొందరగా చెప్తాను. మెస్ సాంబారును నేను బాగు చేయలేను, తొమ్మిదేళ్ళు ప్రయత్నించాను. ఇంటికి వెళ్ళినప్పుడు చెనక్కాయల పొడి, నువ్వుల పొడి తెచ్చుకో, అవి నిలవుంటాయి. ఊరుబిండి పచ్చడి రెండో రోజుకే పాడవుతుంది, కాబట్టి తెచ్చిన రాత్రే రూములో నలుగురూ తినేయండి. గుంటూరు పిల్లలు కారానికి భయపడరు. చలి పడ్డాక అనపకాయల కాలం వస్తుంది. పితికిపప్పు చేయించి తెచ్చావంటే యాస మీద నవ్వడానికి వాళ్ళ నోట్లో చోటుండదు.

అమ్మకు చెప్పు. ఫోనులో వద్దు, ఈసారి వెళ్ళినప్పుడు పాలు పిండేటప్పుడు పక్కన కూర్చుని చెప్పు. ‘9 వచ్చినాయి, ల్యాబ్‌కు పోలేదు, ఇకమీదట పోతా’ అంటే చాలు. వారంవారం వస్తున్న కూతురు ముఖం చూసి ఆమెకు ఏమీ తెలియలేదనుకుంటున్నావా? అడగడానికి భయపడుతూ ఉంటుంది.

డిగ్రీ మాట. డిగ్రీ అంటే ఇంజనీరింగ్ నుంచి జారితే పడే పరుపు అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, 31 ఏళ్ళు అక్కడే పాఠం చెప్పాను కాబట్టి. డిగ్రీ ఇష్టపడి చేరితే చాలా మంచిది. వెళ్ళని ల్యాబ్‌లో వచ్చిన 9 మార్కుల కోసం అయితే వద్దు. ఈ సెమిస్టర్ ల్యాబ్‌లన్నిటికీ వెళ్ళి పరీక్షలు రాయి, ఆ తర్వాత కూడా ఇది నాది కాదు అనిపిస్తే మళ్ళీ రాయి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకొక్కటి. ఇంటి మీద బెంగ వస్తుంది, పోతుంది, మధ్యమధ్యలో నవ్విస్తుంది కూడా. అలా కాకుండా రెండు వారాలుగా నిద్ర లేకుండా, తిండి సహించకుండా, రోజూ ఏడుపు, బతకడం మీదే విసుగు అనిపిస్తుంటే అది వేరు. అప్పుడు నా జవాబు కోసం ఎదురు చూడకూడదు. టెలి మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, నంబరు 14416. ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీ వార్డెన్‌కూ చెప్పు. తలుపు తట్టిన పిల్లను కసిరే వార్డెన్లు మీరనుకునే దానికన్నా తక్కువ.

ప్రశ్న: మాది పుత్తూరు. తిరుపతిలో ఫస్టియర్, హాస్టల్లో ఉంటున్నాను. సీనియర్లు ఇద్దరు వాళ్ళ ల్యాబ్ రికార్డులు నాతో రాయిస్తున్నారు. కొట్టరు, తిట్టరు, ‘తమ్ముడూ’ అనే పిలుస్తారు, ఒక్కోసారి బజ్జీలు కూడా తినిపిస్తారు. రాత్రి ఒంటిగంట దాకా రాస్తున్నాను, నా రికార్డు మిగిలిపోతోంది. ఇది ర్యాగింగ్ కిందికి రాదు కదా, ఎలా తప్పించుకోవాలి?

జవాబు: వస్తుంది నాయనా. యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లో ర్యాగింగ్ అంటే ఏమిటో జాబితా ఉంది. ఒకరికి ఇచ్చిన చదువు పనిని కొత్త విద్యార్థితో చేయించుకోవడం అందులో విడిగా రాసి ఉంది. నీ సీనియర్లకు ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. వాళ్ళకూ వాళ్ళ సీనియర్లు బజ్జీలు తినిపించే ఉంటారు. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ మీద చట్టం ఉంది. ఏడిపించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చేరేటప్పుడు నువ్వూ మీ నాన్నా సంతకాలు పెట్టిన కాగితాల్లో ర్యాగింగ్ హామీ పత్రం ఒకటి ఉంటుంది. ఆ సీనియర్లు కూడా అలాంటిదాని మీదే సంతకం పెట్టారు.

మొదట నోటితో చెప్పు, ‘అన్నా, నా రికార్డే మిగిలిపోయింది, ఇక రాయలేను’ అని. ఇద్దరికీ కలిపి కాకుండా ఒక్కొక్కరికి విడిగా చెప్పు. ఇద్దరు కలిసి ఉన్నప్పుడు ఒకడి ముందు ఇంకొకడు పౌరుషానికి పోతాడు. సారీరా అని రికార్డు వెనక్కి తీసుకుంటే సరే. ముఖం మార్చినా, మెసేజులు పెట్టినా, ఆ మెసేజులు తుడిచేయకుండా ఉంచుకుని కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి చెప్పు. అక్కడ చెప్పడానికి జంకితే 1800-180-5522కు ఫోన్ చేయి, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

నవ్వొచ్చే సంగతి ఒకటి. రికార్డులు దిద్దే మాకు చేతిరాత తెలుస్తుంది. సెకండియర్ పిల్లది ఒకతి, రికార్డు మొదటి సగం కోడిగీతలు, రెండో సగం ముత్యాలు. ‘మధ్యలో చెయ్యి మార్చావా అమ్మా’ అని అడిగితే ‘కుడిచేయి బెణికింది మేడం, ఎడం చేత్తో రాశా’ అంది. ఎడం చెయ్యి ముత్యాలా? మొత్తం మళ్ళీ రాయించాను. కాబట్టి నువ్వు రాయడం మానేస్తే, ఒకరకంగా వాళ్ళకూ మంచిదే.

ప్రశ్న: మేడం గారూ, మాది బంగారుపాళ్యం మండలం. మావాడు తిరుపతిలో డిగ్రీ ఫస్టియర్. రోజుకు నాలుగైదు సార్లు ఫోన్ చేస్తాం, ఒకసారి కూడా సరిగా ఎత్తడు. ఎత్తినా ‘ఆ, ఊ’ అంటాడు. మామిడి కాయ రేటు పడిపోయి ఈ ఏడు బాగా దెబ్బతిన్నాం, ఆ సంగతి వాడి చదువు చెడుతుందని చెప్పలేదు. వాడు చెడిపోతున్నాడేమోనని ఇంట్లో టెన్షన్‌గా ఉంది.

జవాబు: నాలుగైదు సార్లు చేసి మీరు ఏమడుగుతారో ఊహించగలను. తిన్నావా, చదువుతున్నావా, మార్కులు ఎన్ని, ఎక్కడున్నావు. ఇవి హాజరు పట్టీ ప్రశ్నలండీ. వీటికి ‘ఆ, ఊ’ కంటే పెద్ద జవాబు ఏముంటుంది? రోజుకు ఒకేసారి చేయండి, రాత్రి ఎనిమిదిన్నర అని ముందే అనుకోండి. మొదట మీ కబురు చెప్పి, ఆ తర్వాత వాడిది అడగండి.

తోతాపురి రేటు పడిన సంగతి చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి తెలియకుండా ఉంటుందా? హాస్టల్లో సగంమంది మామిడి రైతుల పిల్లలే అయుంటారు. వాడికి తెలుసు. మీరు చెప్పలేదని కూడా తెలుసు. ఫీజు అడగాలంటే వాడికి నోరు రాదు, అందుకే ఫోనూ ఎత్తబుద్ధి కాదు. నా అనుమానం అదే, తప్పయితే మంచిదే. 18 ఏళ్ళవాడు, ఇంటి లెక్క ఉన్నదున్నట్టు చెప్పండి: ఇంత పోయింది, ఇంత ఉంది, నీ ఫీజుకు ఇలా సర్దుతున్నాం అని.

1978లో మా నాన్న నాకు పదిహేను రోజులకొక కార్డు రాసేవాడు. ‘ఎర్రావు ఈనింది, కోడెదూడ. చెరువు సగం నిండింది. మీ అమ్మకు కాళ్ళనొప్పులు తగ్గినాయి. డబ్బు పదో తేదీకి పంపుతా, ఈసారి కొంచెం తక్కువే.’ చదువు గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. ఆ కార్డు నోటుపుస్తకంలో పెట్టుకుని వారమంతా తిరిగేదాన్ని.

తోట దున్నించారా, కొమ్మలు కత్తిరించారా, ఈసారి పూత ఎప్పటికి రావచ్చు, అవన్నీ చెప్పండి వాడికి.